సజెస్ట్ అనే ఇంగ్లీష్ క్రియను సరిగ్గా వాడటం ఎలా?

సజెస్ట్ తెలుగులో ఎప్పుడో కలిసిపోయింది. "మంచి పుస్తకం ఏదైనా సజెస్ట్ చెయ్" అని అలవోకగా అనేస్తాం. అదే మాట ఇంగ్లీష్‌లో చెప్పబోయి "సజెస్ట్ మీ ఎ గుడ్ బుక్" అంటేనే చిక్కు. ఈ క్రియకు అర్థం తెలిస్తే సరిపోదు, దాని వెనకాల ఏం రావాలో కూడా తెలియాలి.

ముందుగా, సజెస్ట్ పక్కనే మనిషిని పెట్టడం మానేయండి. గివ్, టెల్, షో తర్వాత మీ, హిమ్ నేరుగా వస్తాయి. సజెస్ట్ తర్వాత మాత్రం సూచించే విషయమే రావాలి. "కెన్ యూ సజెస్ట్ ఎ గుడ్ బుక్?" చాలు. ఎవరికన్నది చెప్పి తీరాలంటే టు కలపండి: "షి సజెస్టెడ్ ఎ బుక్ టు మీ."

తర్వాత, ఏదైనా పని చేయమని సూచించడం. ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. "హి సజెస్టెడ్ మీ టు వెయిట్" అని రాస్తుంటారు. ఆ అమరిక అడ్వైజ్‌ది: "హి అడ్వైజ్డ్ మీ టు వెయిట్" తప్పు కాదు. సజెస్ట్‌కు మామూలుగా రెండు దారులు. "హి సజెస్టెడ్ వెయిటింగ్" అంటే ఆగుదామన్నాడో, ఆగమన్నాడో అందులోనే తేలదు. ఎవరు ఆగాలో స్పష్టంగా చెప్పాలంటే దట్ వాడాలి: "హి సజెస్టెడ్ దట్ ఐ వెయిట్."

దట్ తర్వాత క్రియ మూలరూపంలోనే ఉంటుంది. "ఐ సజెస్ట్ దట్ షి సీ ఎ డాక్టర్" సరైన వాక్యం, సీ కాస్తా సీస్ కాదు. సజెస్టెడ్ అని భూతకాలంలో చెప్పినా అది సా అవ్వదు. వద్దని చెప్పాలంటే "దట్ షి నాట్ గో". చెవికి వింతగానే ఉంటుంది. బ్రిటిష్ ఇంగ్లీష్‌లో "దట్ షి షుడ్ సీ ఎ డాక్టర్" కూడా బాగా వాడుకలో ఉంది. అనుమానంగా ఉంటే షుడ్ పెట్టేయడమే నయమని నా అభిప్రాయం.

అయితే ఈ నియమం సలహాకే. సజెస్ట్‌కు "అనిపించేలా చేయడం" అనే అర్థం కూడా ఉంది: "ద రిజల్ట్స్ సజెస్ట్ దట్ ద మెడిసిన్ వర్క్స్." మందు పనిచేస్తున్నట్టు ఫలితాలను బట్టి అనిపిస్తోందని భావం. ఇక్కడ వర్క్స్ మామూలుగానే వస్తుంది, షుడ్‌కు చోటు లేదు. రుజువైందని ఘంటాపథంగా చెప్పలేనప్పుడు పరిశోధన వ్యాసాల్లో ప్రూవ్ బదులు దీన్నే వాడతారు. ఏ అర్థమో తేలకపోతే వాక్యాన్ని తెలుగులో అనుకోండి. చివర "చేస్తే మంచిది" అతికితే మూలరూపం, "అనిపిస్తోంది" అతికితే మామూలు కాలం.

ఇక "ఆర్ యూ సజెస్టింగ్ దట్ ఐ లైడ్?" సలహా గురించిన ప్రశ్న కానే కాదు. "నేను అబద్ధమాడానంటావా?" అని నిలదీయడం. మీ మాటను ఎదుటివాళ్లు అలా తీసుకుంటారని టెన్షన్ ఉంటే "ఐ యామ్ నాట్ సజెస్టింగ్ దట్ యూ లైడ్" అని ముందే చెప్పి, అసలు విషయంలోకి వెళ్లండి.