ఎడిటర్ తెరిచినప్పుడు అప్పుడప్పుడు కనిపించే అదనపు విండో: కారణాన్ని పట్టుకునే పద్ధతి

టెక్స్ట్ ఎడిటర్‌ను తెరిచినప్పుడు దానితో పాటు మనం అడగని మరో విండో కూడా రావడం, అదీ ప్రతిసారీ కాకుండా ఎప్పుడో ఒకసారి రావడం, వెతికి పట్టుకోవడానికి కష్టమైన లోపం. ఇటువంటప్పుడు ప్లగిన్లను (ఎడిటర్‌కు అదనపు సదుపాయాలు చేర్చే చిన్న ప్రోగ్రాములను) ఒక్కొక్కటిగా తీసేస్తూ పోవడం వల్ల సమయం వృథా అవుతుంది. సగటున ఐదింట ఒకసారి వచ్చే విండో, మనం ఏమీ మార్చకపోయినా వరుసగా ఐదుసార్లు కనిపించకుండా ఉండే అవకాశం దాదాపు 33 శాతం. అందువల్ల ఏదో ఒక సెట్టింగ్ మార్చి, నాలుగైదు సార్లు తెరిచి చూసి, సమస్య తీరిందనుకోవడం సరికాదు. ఆ అవకాశం 5 శాతం కంటే తగ్గాలంటే కనీసం 14 సార్లు తెరిచి చూడాలి. కాబట్టి ముందుగా తేల్చుకోవలసినది ఆ విండో ఏ ప్రోగ్రాముది, దానిని ఎవరు పుట్టించారు అన్న విషయాన్ని.

వచ్చినది ఎడిటర్ తాలూకు ఖాళీ విండోనే అయితే పని కొంత సులభం. గతంలో తెరిచి ఉన్న విండోలను మళ్లీ తెరిచే సదుపాయం చాలా ఎడిటర్లలో ఉంటుంది. కిందటిసారి మూసేటప్పుడు ఖాళీ విండో ఒకటి మిగిలి ఉంటేనే ఈసారి అది తిరిగి వస్తుంది కనుక, మనకు అది కారణం లేకుండా వచ్చినట్లు అనిపిస్తుంది. విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్‌లో 'రీస్టోర్ విండోస్' అనే సెట్టింగ్‌ను చూడాలి. విండోస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైలు మీద డబుల్ క్లిక్ చేసినప్పుడే సమస్య వస్తుంటే, ఆ ఫైలు పేరులో గానీ ఫోల్డర్ పేరులో గానీ ఖాళీ జాగా ఉందేమో గమనించాలి. ఫైలు రకాన్ని ఎడిటర్‌తో ముడిపెట్టే ఆదేశంలో ఫైలు పేరు చుట్టూ కొటేషన్ గుర్తులు లేకపోతే, ఆ పేరు ముక్కలై, ఎడిటర్‌కు రెండు మూడు ఫైళ్ల పేర్లుగా అందుతుంది.

ఆదేశాలను అక్షరాల రూపంలో నడిపే నల్లటి కన్సోల్ విండో మెరిసి మాయమవుతుంటే కారణం వేరు. విండోస్‌లో ప్రతి ప్రోగ్రాము ఫైలు హెడర్‌లోనూ అది కన్సోల్ ప్రోగ్రామా, గ్రాఫికల్ ప్రోగ్రామా అన్న గుర్తు ఉంటుంది. తనకంటూ కన్సోల్ లేని ఎడిటర్, గిట్ (ఫైళ్లలో మార్పులను నమోదు చేసే సాధనం) వంటి కన్సోల్ ప్రోగ్రామును విండో వద్దని చెప్పకుండా నడిపితే, విండోస్ దానికోసం కొత్త కన్సోల్‌ను తెరుస్తుంది. ప్లగిన్ ఆ పనిని గిట్ రిపాజిటరీలో (గిట్ గమనించే ఫోల్డర్‌లో) ఉన్న ఫైలు తెరిచినప్పుడో, ఒక ప్రోగ్రామింగ్ భాషకు చెందిన ఫైలు తెరిచినప్పుడో మాత్రమే చేస్తుంది కనుక విండో కూడా అప్పుడే వస్తుంది. ఈమాక్స్ ఎడిటర్ వాడేవారు మొదట షార్ట్‌కట్‌లను పరిశీలించాలి: 'ఈమాక్స్ డాట్ ఈఎక్స్ఈ'ని నేరుగా నడిపితే కన్సోల్ కూడా వస్తుంది, 'రన్ఈమాక్స్ డాట్ ఈఎక్స్ఈ' ద్వారా నడిపితే రాదు. డెస్క్‌టాప్ మీద ఒకటి, టాస్క్‌బార్‌లో మరొకటి ఉన్నా లోపం అప్పుడప్పుడు వచ్చినట్లే కనిపిస్తుంది.

విండో తెర మీద నిలిచి ఉంటే, మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ సాధనాల్లోని ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో గురి గుర్తును ఆ విండో మీదకు లాగి వదలాలి. అది ఏ ప్రాసెస్‌దో, అంటే నడుస్తున్న ఏ ప్రోగ్రాముదో తెలుస్తుంది. లినక్స్‌లో ఎక్స్11 అనే విండో వ్యవస్థ మీద 'ఎక్స్‌ప్రాప్' ఆదేశాన్ని నడిపి విండో మీద క్లిక్ చేస్తే దాని క్లాసు పేరు, సాధారణంగా ప్రాసెస్ సంఖ్య కూడా కనిపిస్తాయి. విండోస్‌లో రెప్పపాటులో పోయే విండోకు మాత్రం సిస్‌ఇంటర్నల్స్‌లోనే ఉన్న ప్రాసెస్ మానిటర్ కావాలి. అందులో 'ప్రాసెస్ క్రియేట్' అనే ఆపరేషన్ మాత్రమే కనిపించేలా ఫిల్టర్ పెట్టి, రికార్డింగ్ నడుస్తుండగానే ఎడిటర్‌ను మళ్లీ మళ్లీ తెరవాలి. విండో కనిపించగానే రికార్డింగ్ ఆపి, టూల్స్ మెనూలోని 'ప్రాసెస్ ట్రీ'ని తెరిస్తే, అప్పటికే ముగిసిపోయిన ప్రాసెస్‌లు సైతం తమ పేరెంట్ (తమను పుట్టించిన ప్రాసెస్) కింద, పూర్తి కమాండ్ లైన్‌తో (వాటిని నడిపిన ఆదేశంతో) సహా కనిపిస్తాయి. విండోస్ 11లో కన్సోల్ ప్రోగ్రాములను చూపడానికి విండోస్ టెర్మినల్ డిఫాల్ట్‌గా ఉన్నచోట విండో టెర్మినల్ పేరు మీదే ఉండవచ్చు, కనుక విండో కంటే ఈ ట్రీనే నమ్మదగిన ఆధారం.

ఆ ట్రీలో పేరెంట్ ఎడిటర్ కాకపోతే, ఎడిటర్‌ను అనుమానించడం అక్కడితో ఆపాలి. షెడ్యూల్ చేసిన పని ఏదైనా యాదృచ్ఛికంగా అదే సమయంలో నడుస్తూ ఉండవచ్చు. టాస్క్ షెడ్యూలర్‌లో చివరిసారి నడిచిన సమయాలను పోల్చి చూస్తే తెలిసిపోతుంది.

పేరెంట్ ఎడిటరే అయి, ఏ ప్లగిన్ అన్నది కమాండ్ లైన్‌ను బట్టి తేలకపోతే, అప్పుడు మాత్రమే ప్లగిన్లను సగం చొప్పున ఆపుతూ వెతకాలి. 32 ప్లగిన్లున్నా ఐదు విడతల్లో ఒకటి మిగులుతుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో ఇందుకోసం 'స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్' అనే ఆదేశమే ఉంది. ప్రతి విడతలోనూ విండో వచ్చిన రోజు తెరిచిన ఫైలునే, అదే ఫోల్డర్ నుంచి, అదే షార్ట్‌కట్‌తో తెరవడం తప్పనిసరి.

దోషి దొరికిన తరువాత, ఆ ప్లగిన్ పైథాన్ స్క్రిప్టును నడుపుతుంటే 'పైథాన్' బదులు కన్సోల్ లేకుండా నడిచే 'పైథాన్‌డబ్ల్యూ'ను సూచించి చూడవచ్చు, కానీ స్క్రిప్టు ముద్రించే ఫలితాన్ని ప్లగిన్ చదువుతుంటే అది ఇంకా అందుతోందో లేదో సరిచూసుకోవాలి. ఇతర సందర్భాల్లో ప్లగిన్ రచయితకు కమాండ్ లైన్‌ను, పేరెంట్ ప్రాసెస్ పేరును, విండో వచ్చే పరిస్థితిని రాసి పంపడం మేలు. ప్లగిన్ నోడ్‌లో (జావాస్క్రిప్ట్‌ను నడిపే వేదికలో) రాసినదైతే 'విండోస్‌హైడ్' ఆప్షన్, పైథాన్‌లో రాసినదైతే 'క్రియేట్ నో విండో' ఫ్లాగ్ చేర్చడంతో చాలాసార్లు సరిపోతుంది.