పికప్‌కు ఆల్-టెరైన్ టైర్లు కొనేముందు బండి బరువు తూచండి

టెక్సాస్‌లో గ్రీన్‌విల్ పక్కన మాకు పద్నాలుగు ఎకరాల పొలం, నలభై మేకలు ఉన్నాయి. మా ఆయన వారమంతా డాలస్‌లో ఉద్యోగానికి వెళ్తారు కాబట్టి గడ్డి, దాణా తెచ్చే పని నాదే. బండి 2017 ఫోర్డ్ ఎఫ్-250, డీజిల్, ఫోర్-వీల్ డ్రైవ్. దాని మీద ఇప్పటికి మూడు సెట్ల టైర్లు మార్చాను. ఈమధ్య తెలుగువాళ్ళు చాలామంది ఇటువైపు పొలాలు కొని, వాటితోపాటు హెవీ-డ్యూటీ పికప్పులూ కొంటున్నారు. "అక్కా, ఏ టైరు వేయించమంటావ్?" అని నన్నే అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న చిలకలూరిపేటలో లారీ నడిపేవారు. మిర్చి టిక్కీలు ఎక్కించుకుని గుంటూరు యార్డుకు వెళ్ళేవారు. దారిలో ఆగిన ప్రతిచోటా క్లీనర్ రాడ్డుతో టైర్లన్నిటి మీదా ఒక్కో దెబ్బ వేసి చప్పుడు వినేవాడు. నాన్న చేతి వెనకవైపు టైరుకు ఆనించి వేడి చూసేవారు. నేను మొదటిసారి అమెరికా నుంచి ఫోన్ చేసి టైర్ల సంగతి అడిగితే, ఆయన కంపెనీ పేరు అడగలేదు. "బండి మీద ఎంత బరువు పడుతుందమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు లేకపోవడం వల్ల ఏమైందో ముందు చెప్పాలి. బండి కొన్న ఏడాదికి పాత టైర్లు అరిగాయి. ఒక సెకండ్ హ్యాండ్ షాపులో ఆల్-టెరైన్ టైర్లు (తారు రోడ్డు మీదా, కంకర, మట్టి దారుల్లోనూ నడిచేవి), దాదాపు కొత్తవే, సగం ధరకు దొరికాయి. చూడటానికి మొరటుగా, లోతైన గాడులతో బాగున్నాయి. కొలత 275/65 ఆర్ 18, మా రిమ్ముకు సరిపోయింది. షాపతను వేసి పంపాడు. అవి ఎఫ్-150 లాంటి చిన్న పికప్పులకు వేసే టైర్లని అతను చెప్పలేదు, నాకు తెలియదు. జులై నెలలో పారిస్ నుంచి (ఇది టెక్సాస్‌లోని పారిస్) ట్రైలర్ మీద ఎనిమిది గడ్డి చుట్టలు, బండి వెనక పద్నాలుగు దాణా బస్తాలు వేసుకుని 24వ నంబరు రోడ్డు మీద వస్తున్నాను. కూపర్ దాటాక బండి వెనకభాగం అటూ ఇటూ ఊగడం మొదలైంది. పక్కకు తీసి ఆపేలోపే కుడివైపు వెనక టైరు పేలింది. నాకేమీ కాలేదు. మిగిలిన వెనక టైరు మీద చెయ్యి పెడితే కాలింది, సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) ఒకచోట నిమ్మకాయంత ఉబ్బి ఉంది.

తలుపు తెరిచి స్టిక్కరు చదవండి

డ్రైవర్ తలుపు తెరిస్తే ఫ్రేము మీద స్టిక్కరు ఉంటుంది. బండికి కంపెనీ నిర్ణయించిన టైరు కొలత, చల్లగా ఉన్నప్పుడు ముందు వెనక చక్రాల్లో ఉండాల్సిన గాలి, ఒక్కో యాక్సిల్ (ఇరుసు) గరిష్ఠంగా మోయగల బరువు, అన్నీ అందులోనే ఉంటాయి. నా స్టిక్కరు ప్రకారం వెనక యాక్సిల్ పరిమితి 6,340 పౌన్లు. అంటే వెనక ఒక్కో టైరు కనీసం 3,170 పౌన్లు మోయాలి. మీ బండి అంకె వేరు కావచ్చు, మీది మీరు చూసుకోండి.

ఇప్పుడు టైరు వైపు రండి. కొలత ముందు ఎల్‌టీ అనే అక్షరాలు ఉంటే అది లైట్ ట్రక్ టైరు. పీ ఉన్నా, ఏ అక్షరమూ లేకుండా అంకెతోనే మొదలైనా అది కార్లకు, చిన్న పికప్పులకు చేసింది. కొలత తర్వాత ఉండే అంకె లోడ్ ఇండెక్స్, టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే గుర్తు. నేను కొన్న సెకండ్ హ్యాండ్ టైర్ల మీద 116 ఉంది, అంటే 2,756 పౌన్లు. అయితే కారు రకం టైరును ట్రక్కుకు వేస్తే ఆ అంకెను 1.10తో భాగించాలన్నది నియమం. అప్పుడు మిగిలేది 2,505. రెండు కలిపితే 5,010 పౌన్లు. ట్రైలర్ నాలుక బరువు (ట్రైలర్ ముందు కొస బండి మీద మోపే బరువు), దాణా బస్తాలు కలిపి ఆ రోజు నా వెనక యాక్సిల్ మీద 5,600 పైనే ఉందని తర్వాత లెక్క తేలింది.

గాలి సంగతీ అంతే. ఆ టైర్లకు గరిష్ఠ గాలి 44 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). నా స్టిక్కరు వెనక చక్రాలకు అడుగుతున్నది 75. టైరులో బరువు మోసేది ముఖ్యంగా లోపలి గాలే, రబ్బరు కాదు. గాలి చాలకపోతే ప్రతి చుట్టుకూ సైడ్‌వాల్ వంగి లేస్తుంది, ఆ వంగడంలో వేడి పుడుతుంది, ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. టెక్సాస్ జులై ఎండలో 65 మైళ్ళ వేగంతో వెళ్తుంటే ఇదంతా జరగడానికి ఎంతోసేపు పట్టదు.

అందుకే ఎఫ్-250, రామ్ 2500, సిల్వరాడో 2500 లాంటి బండికి ఎల్‌టీ టైరు, అందులోనూ లోడ్ రేంజ్ ‘ఈ’ (ఇంగ్లీషు E అక్షరం) తీసుకోండి. దీన్నే టెన్-ప్లై అంటారు. నిజంగా పది పొరలు ఉండవు, అది పాతకాలపు లెక్కలో బలాన్ని చెప్పే పేరు. లోడ్ రేంజ్ సీ 50 పీఎస్ఐ దగ్గర, డీ 65 దగ్గర, ఈ 80 దగ్గర తమ పూర్తి బరువు మోస్తాయి. నా కొలతలో లోడ్ రేంజ్ ఈ టైరు మీద 123/120 అని ఉంటుంది. మొదటి అంకె వెనక ఒక్కో వైపు ఒక్క చక్రమే ఉన్న బండికి, రెండోది జంట చక్రాల బండికి. 123 అంటే 3,417 పౌన్లు. రెండు టైర్లకు 6,834, యాక్సిల్ పరిమితి కంటే దాదాపు 500 ఎక్కువ. ఈ మిగులు నాకు చాలా ముఖ్యం.

ఇక మీ బండి నిజమైన బరువు. హైవే పక్కన పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని తూకం ఉంటుంది. సెమీ ట్రక్కుల వెనక వరసలో నిలబడటానికి మొహమాటపడకండి, వాళ్ళు ఏమీ అనుకోరు. మీరు మామూలుగా లాగే లోడుతోనే వెళ్ళండి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ మూడూ విడివిడిగా చీటీ మీద వస్తాయి. దాణా బస్తాలు లేకుండా, గడ్డి ట్రైలర్‌తో నాకు ముందు 4,380, వెనక 4,940 వచ్చింది. నాన్న ప్రశ్నకు జవాబు దొరికాక మొదట ఆయనకే ఫోన్ చేసి చెప్పాను.

బండి ఎక్కడ తిరుగుతుందో నిజాయితీగా లెక్కేసుకోండి

లోడు తేలాకే ట్రెడ్ (టైరులో నేలను తాకే గాడుల భాగం) గురించి ఆలోచించాలి. నేను ఒక నెలపాటు మైళ్ళు రాసుకున్నాను. వంద మైళ్ళలో ఎనభై ఐదు తారు, కాంక్రీటు రోడ్లు, పది కంకర రోడ్లు, ఐదు మా పొలం, గడ్డి అమ్మేవాళ్ళ పొలాలు. ఇలాంటి వాడకానికి ఆల్-టెరైన్ సరైనది. మీ బండి తారు రోడ్డు దిగేదే లేకపోతే, లేదా ఇంటి ముందు కాస్త కంకర మాత్రమే ఉంటే, ఎల్‌టీ రకంలోనే హైవే టైర్లు తీసుకోండి. చప్పుడు తక్కువ, ఎక్కువ కాలం వస్తాయి, డీజిలూ మిగులుతుంది. హైవే టైర్ల నుంచి ఆల్-టెరైన్‌కు మారాక నా బండి మైలేజి గ్యాలన్‌కు ఒక మైలు పైగా తగ్గింది. మడ్-టెరైన్ (బురద కోసం చేసిన టైర్లు) మాత్రం లోడు లాగుతూ హైవే మీద తిరిగేవాళ్ళకు నేను చెప్పను. వాటి ట్రెడ్‌లో ఖాళీ చాలా ఎక్కువ. వాన పడిన రోడ్డు మీద బ్రేకు వేస్తే పట్టు చాలదు.

ట్రెడ్‌ను దగ్గరగా చూడండి. పెద్ద గాడులు బురదను, కంకరను బయటికి నెట్టడానికి. రబ్బరు దిమ్మల మీద బ్లేడుతో కోసినట్టు ఉండే సన్నటి గీతలు తడి రోడ్డు మీద, మంచు మీద పట్టుకోసం. ఆ గీతలు దిమ్మ లోతంతా దిగాయా, పైపైన ఉన్నాయా అని షాపులో వేలు పెట్టి చూస్తాను. పైపైన ఉంటే సగం అరిగేసరికి మాయమవుతాయి. గాడుల అడుగున చిన్న చిన్న బొడిపెలు ఉంటే మంచిది, రాళ్ళు ఇరుక్కోకుండా బయటికి తోస్తాయి.

మా ప్రాంతం నేల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డాలస్ చుట్టూ ఉన్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నల్లమట్టి మన పత్తి చేల నల్లరేగడి లాంటిదే. ఎండితే కాలు పట్టేంత పగుళ్ళు, తడిస్తే బంక. పొలం కొన్న రోజు ఆ మట్టి చేతిలోకి తీసుకుంటే చిలకలూరిపేటలో ఉన్నట్టే అనిపించింది. ఈ మట్టి తడిగా ఉన్నప్పుడు ఏ ఆల్-టెరైన్ టైరునూ నమ్మకండి. నాలుగు చుట్లు తిరిగేసరికి గాడులన్నీ నిండిపోయి టైరు నున్నగా అవుతుంది. ఏడున్నర వేల పౌన్ల డీజిల్ బండి అందులో దిగితే ట్రాక్టరు తెచ్చి లాగాల్సిందే. వాన వెలిశాక నేల ఆరేదాకా నేను గేటు దగ్గరే బండి ఆపి, బస్తాలు చిన్న బండి మీద లోపలికి తీసుకెళ్తాను. వేలకు వేలు పోసి ఇంకా మొరటు టైర్లు కొనడం కంటే గేటు నుంచి కొట్టం దాకా కంకర పోయించడం మేలు.

ఇక ముళ్ళు. ఇక్కడి మెస్కీట్ చెట్టు, మన సర్కారు తుమ్మ ఒకే కుటుంబానికి చెందినవి. ఎండిన ముల్లు పడుకుని ఉంటే కనపడదు, ట్రెడ్‌లోంచీ సైడ్‌వాల్‌లోంచీ దిగుతుంది. ట్రెడ్‌కు పంక్చరు వేయొచ్చు, సైడ్‌వాల్‌కు వేయకూడదు, టైరు మార్చాల్సిందే. అందుకని సైడ్‌వాల్ మూడు పొరలున్న టైరును వెతుక్కోండి. సైడ్‌వాల్ మీదే చిన్న అక్షరాల్లో ట్రెడ్‌లో ఎన్ని పొరలో, సైడ్‌వాల్‌లో ఎన్నో రాసి ఉంటుంది.

మంచుకు వెళ్ళేవాళ్ళు మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉందో లేదో చూడండి. ఎం+ఎస్ అన్న అక్షరాలు చాలవు, అవి ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసేవి. కొండ బొమ్మ మంచులో పరీక్ష పాసైన టైరుకే వేస్తారు. కొలరాడో వెళ్ళేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఐ-70 హైవే మీద డాట్సెరో, మారిసన్ ఊళ్ళ మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ఫోర్-వీల్ డ్రైవ్ బండికైనా ట్రెడ్ లోతు కనీసం అంగుళంలో 3/16 వంతు ఉండాలి. టెక్సాస్ చట్టం 2/32 దాకా ఒప్పుకుంటుంది, కానీ నేను 5/32కే మార్చేస్తాను. ఇక గడ్డకట్టిన ఐసు. 2021 ఫిబ్రవరిలో మా రోడ్లన్నీ అద్దంలా అయినప్పుడు బండి బయటికి తీయలేదు. ఆ బొమ్మ ఉన్న టైరైనా ఐసు మీద ఆగదు.

పెద్ద టైరు మోజు

మన కుర్రాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. ఎత్తుగా, వెడల్పుగా ఉంటే బాగుంటుందని. ఉదాహరణకు ఎల్‌టీ 275/70 ఆర్ 18 వేసే బండికి 285/75 ఆర్ 18 వేస్తే చక్రం వ్యాసం 33 అంగుళాల నుంచి దాదాపు 35కు పెరుగుతుంది. స్పీడోమీటరు 70 చూపిస్తుంటే బండి నిజానికి 73 దాటి పోతుంటుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనుకు, ఆపేటప్పుడు బ్రేకులకు పని పెరుగుతుంది. ట్రైలర్ లాగే బండికి కంపెనీ కొలతే ఉంచండని నా మాట.

ఏ కంపెనీ అంటారా? బీఎఫ్‌గుడ్రిచ్ ఆల్-టెరైన్ టైరు 1976 నుంచీ వస్తోంది, ఇప్పటిది కేవో3. ఫాల్కెన్ వైల్డ్‌పీక్, టోయో ఓపెన్ కంట్రీ ఏ/టీ 3 కూడా మా చుట్టుపక్కల రైతుల బండ్లకు ఎక్కువగా కనిపిస్తాయి. నేను టోయో వేయించాను, కారణం నా కొలతలో, లోడ్ రేంజ్ ఈలో ఆ వారం షాపులో ఉన్నది అదే. పైన చెప్పిన లెక్కలన్నీ సరిపోతే ఈ మూడింట్లో దేనికైనా నేను డబ్బు పెడతాను.

షాపులో, ఆ తర్వాత

డబ్బు కట్టేముందు టైర్ల తయారీ తేదీ చూడండి. డీఓటీ అన్న అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. నాలుగు టైర్లూ ఏడాది లోపువి కావాలని అడగండి, ఇవ్వకపోతే ఇంకో షాపుకు వెళ్ళండి. సెకండ్ హ్యాండ్ టైర్లు మాత్రం ఎంత కొత్తగా కనపడినా బరువు లాగే బండికి వద్దు. అవి గాలి లేకుండా ఎంత దూరం తిరిగాయో పైనుంచి చూస్తే తెలియదు.

ఫోర్-వీల్ డ్రైవ్‌కు నాలుగూ ఒకేసారి, ఒకే రకం మార్చండి. వీలైతే ఐదోది కూడా కొనండి. నా స్పేరు టైరు అదే కొలత, అదే లోడ్ రేంజ్. ట్రైలర్ టైర్లు వేరే రకం, వాటి మీద ఎస్‌టీ అని ఉంటుంది. పికప్ టైర్లు మారుస్తూ వాటి వయసు కూడా చూసుకోండి.

బిగించాక వంద మైళ్ళు తిరిగి నట్లు మళ్ళీ బిగించాలి. నా బండికి 165 ఫుట్-పౌండ్లు. షాపుకు వెళ్తే ఉచితంగా చేస్తారు, నేనైతే టార్క్ రెంచి కొనుక్కుని ఇంట్లోనే చేస్తాను. ఐదారు వేల మైళ్ళకోసారి టైర్లు ముందువి వెనక్కు, వెనకవి ముందుకు మార్పించండి. డీజిల్ ఇంజను బరువుకు ముందు టైర్ల అంచులు తొందరగా అరుగుతాయి. గాలి పొద్దున్నే, బండి కదలకముందు కొలవండి. ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే గాలి దాదాపు 2 శాతం తగ్గుతుంది. అక్టోబరులో మొదటి చలిగాలి వచ్చిన మర్నాడు నా వెనక టైర్లు 75 నుంచి 70కి దిగుతాయి. ఆ రోజు గడ్డికి వెళ్ళాల్సి ఉంటే ముందు కొట్టంలో కంప్రెసరు ఆన్ చేస్తాను. ట్రైలర్‌తో వెళ్ళిన ప్రతిసారీ కూపర్ దగ్గర గ్యాస్ స్టేషన్‌లో దిగి, నాలుగు టైర్లకూ చేతి వెనకవైపు ఆనించి చూసి, అప్పుడు కాఫీకి లోపలికి వెళ్తాను.