ఫ్లూ పెరుగుతోందా, తగ్గుతోందా? దేశం మొత్తం లెక్క చూడటం ఇలా

ఇంట్లో ఇద్దరు దగ్గితే ఊరంతా ఫ్లూ ఉందనుకుంటాం. దేశం సంగతి అలా తేలదు. అలాగని ప్రతి రోగినీ లెక్కపెట్టడమూ కుదరదు, ఎందుకంటే ఫ్లూ వచ్చినవాళ్లలో చాలామంది ఓ మాత్ర వేసుకుని ముసుగుతన్ని పడుకుంటారు తప్ప డాక్టరు దగ్గరికే వెళ్లరు. అందుకే ముందే ఎంపిక చేసిన కొన్ని క్లినిక్‌లు, ఆసుపత్రులు వారం వారం లెక్కలు పంపుతాయి. వీటిని సెంటినెల్ కేంద్రాలంటారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టే, కాకపోతే ఆ కేంద్రాలన్నీ నగరాల్లోనే ఉంటే పల్లెల సంగతి ఆ మెతుకులో తెలియదు. కాబట్టి ఈ లెక్కలతో వచ్చే బులెటిన్ తెరవగానే ముందు కేంద్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి.

మీ దేశ ఆరోగ్య శాఖ వారపు బులెటిన్ ఇస్తుంటే దాంతోనే మొదలుపెట్టండి. లేకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఫ్లూనెట్ ఉంది, దేశాలు పంపే ల్యాబ్ లెక్కలు అందులో వారాలవారీగా ఉచితంగా దొరుకుతాయి. అక్కడ లెక్కలు వారం నంబర్లతో ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారం సోమవారం మొదలవుతుంది, అమెరికా వాళ్లది ఆదివారం. రెంటినీ పక్కపక్కన పెట్టేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

బులెటిన్‌లో ఐఎల్‌ఐ (ILI), అంటే ఫ్లూ లాంటి జబ్బు, అని ఒకటి కనిపిస్తుంది. 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి జ్వరం, దగ్గు, అదీ గత 10 రోజుల్లో మొదలైతే ఐఎల్‌ఐ కింద రాస్తారు. ఆసుపత్రిలో చేరేంత తీవ్రమైతే శారీ (SARI), అంటే తీవ్రమైన శ్వాసకోశ జబ్బు. ఈ రెండూ లక్షణాల లెక్కలే, ఫ్లూ లెక్కలు కావు. కోవిడ్ వచ్చినా, ఆర్‌ఎస్‌వీ అనే ఇంకో శ్వాసకోశ వైరస్ వచ్చినా ఇందులోనే పడతాయి.

అసలు చూడాల్సింది పాజిటివిటీ, అంటే పరీక్షించిన శాంపిళ్లలో ఎంత శాతంలో ఫ్లూ తేలిందన్నది. ఒక వారం 200 శాంపిళ్లు పరీక్షిస్తే 20 పాజిటివ్ వచ్చాయనుకోండి, 10 శాతం. తర్వాతి వారం 400 పరీక్షిస్తే 40. కేసులు రెట్టింపయ్యాయని హెడ్డింగ్ పెట్టేస్తారు, కానీ శాతం అక్కడే ఉంది, పెరిగింది పరీక్షలే. అదే 200కి 50 వస్తే 25 శాతం, అప్పుడు ఆలోచించాలి. శాంపిళ్లు మరీ తక్కువైతే మాత్రం శాతాన్నీ నమ్మకండి, ఎనిమిదింటిలో రెండొచ్చినా 25 శాతమే మరి. ఐరోపాలో సెంటినెల్ శాంపిళ్లలో 10 శాతం దాటితే సీజన్ మొదలైనట్టు లెక్క. ఒక్క వారం గెంతితే కాదు, వరసగా రెండు మూడు వారాలు ఎక్కుతుంటేనే నేను పెరుగుదల అంటాను.

ఇంకో చోట అందరూ బోల్తా పడతారు, నేనూ పడ్డాను. గ్రాఫ్‌లో చివరి వారం గీత కిందికి దిగడం చూసి హమ్మయ్య తగ్గిందని అందరికీ చెప్పేశాను. రెండు వారాలయ్యాక చూస్తే అదే వారం అంకె పెరిగి కూర్చుంది. రిపోర్టులు ఆలస్యంగా వస్తాయి, సెలవుల వారమైతే మరీను. అప్పట్నుంచీ చివరి రెండు వారాలను పెన్సిల్‌తో రాసినట్టే చూస్తున్నాను.

పోలిక గత ఏడాది ఒక్కదానితో కాదు, నాలుగైదేళ్లతో పెట్టండి. 2020-21ని పక్కన పెట్టేయండి, ఆ సీజన్‌లో ఫ్లూ దాదాపు కనిపించలేదు. చలి దేశాల్లో చలికాలంలోనే ఒక శిఖరం వస్తుంది. ఉష్ణమండలంలో వానల్లో ఒకటి, చలిలో ఒకటి రావచ్చు, కొన్నిచోట్ల ఏడాదంతా కొద్దికొద్దిగా ఉంటుంది.

ఫ్లూ వైరస్ రకం కూడా చూడండి. ఏ రకంలోని హెచ్3ఎన్2 (A/H3N2) ఎక్కువున్న సీజన్లలో సాధారణంగా పెద్దవయసు వాళ్లు ఎక్కువగా ఆసుపత్రి పాలవుతారు. బీ రకంలో ఇప్పుడు విక్టోరియా అనే ఉపరకమే కనిపిస్తోంది, యమగాటా అనే రెండో ఉపరకం 2020 మార్చి తర్వాత జాడ లేదు.

గూగుల్‌లో జనం ఏం వెతుకుతున్నారో చూసి ఫ్లూ చెప్పేయొచ్చు కదా అంటారా? 2008లో గూగులే ఆ పని మొదలుపెట్టింది, 2012-13 సీజన్‌లో లెక్క బాగా ఎక్కువ చూపించింది, 2015లో ఆపేసింది. జనం జ్వరం వచ్చినా వెతుకుతారు, వార్త చూసి టెన్షన్ పడినా వెతుకుతారు.