పీజీకి, అద్దె ఇంటికి ఆధార్ కాపీ ఇవ్వాలా? మాస్క్‌డ్ ఆధార్ తీసుకునే విధానం

ఊరి నుంచి బెంగళూరు వచ్చిన మొదటి వారంలోనే ఆధార్ జెరాక్స్‌లు నాలుగైదు చేతుల్లోకి వెళ్ళిపోతాయి. మారతహళ్ళిలో పీజీ వాళ్ళకొకటి, ఇంటి ఓనరుకొకటి, బ్రోకరుకొకటి, అగ్రిమెంటు టైపు చేసే షాపులో ఒకటి. వీళ్ళెవరికీ మీ 12 అంకెల నంబరు అవసరం లేదు. మీరెవరో, ఫొటోలో ఉన్నది మీరేనా, సొంత ఊరేదో తెలిస్తే వాళ్ళ పని అయిపోతుంది. ఆ వివరాలన్నీ ఉంచి, మొదటి 8 అంకెలను దాచి చివరి 4 మాత్రమే చూపించే కాపీని ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ ఉచితంగా ఇస్తుంది. అదే మాస్క్‌డ్ ఆధార్.

మాస్క్‌డ్ ఆధార్‌ను ప్రభుత్వం ఎత్తేసిందన్న అపోహ ఇంకా ఉంది. 2022 మే 27న యూఐడీఏఐ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, ఆధార్ జెరాక్స్‌లు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వొద్దనీ, మాస్క్‌డ్ ఆధార్ వాడమనీ ప్రకటన ఇచ్చింది. జనం కంగారు పడ్డారు. రెండు రోజులకే, మే 29న, కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. వెనక్కి పోయింది ఆ ప్రకటన ఒక్కటే. మాస్క్‌డ్ ఆధార్ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

తీసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. యూఐడీఏఐ వారి మైఆధార్ పోర్టల్‌లో ఆధార్ నంబరు, క్యాప్చా కొట్టి, ఫోనుకొచ్చిన ఓటీపీతో లాగిన్ అవ్వండి. ‘డౌన్‌లోడ్ ఆధార్’ నొక్కితే మీ వివరాలు కనిపిస్తాయి. అక్కడే ‘మాస్క్‌డ్ ఆధార్ కావాలా’ అనే చిన్న గడి ఉంటుంది. దాన్ని టిక్ చేశాకే డౌన్‌లోడ్ నొక్కాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: తొందరలో గడి వదిలేసి, పూర్తి నంబరున్న పీడీఎఫ్‌నే దించుకుని పంపేస్తారు. పంపే ముందు ఫైలు తెరిచి, నంబరు ఉన్న ప్రతిచోటా మొదటి 8 అంకెల స్థానంలో ఎక్స్‌లు ఉన్నాయో లేదో చూడండి.

ఓటీపీ రాకపోతే చాలాసార్లు కారణం పాత నంబరే. ఆధార్‌కిచ్చిన సిమ్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, లేదా ఊళ్ళో నాన్నగారి ఫోనులో ఉంటుంది. ఆధార్ సేవా కేంద్రానికి వెళ్ళి నంబరు మార్పించుకోవచ్చు. దానికి పత్రాలేవీ అడగరు, ఫీజు మాత్రం ఉంటుంది.

పీడీఎఫ్ పాస్‌వర్డ్ దగ్గర మనవాళ్ళు తరచూ ఆగిపోతారు. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. ‘మొదటి’ అంటే ఆధార్‌లో అచ్చయిన వరసలో మొదటివి. ఇంటిపేరు ముందుంటే ఇంటిపేరులోవే కొట్టాలి. మధ్యలో ఖాళీ ఉంటే వదిలేయాలి: సాయి కుమార్, 1990 అయితే ఎస్‌ఏఐకే1990. ఇనీషియల్ తర్వాత చుక్క ఉంటే ఆ చుక్కనూ ఒక అక్షరంగా లెక్కపెట్టాలి: పి. కుమార్ అయితే పి, చుక్క, కె, యు, ఆ తర్వాత 1990.

ప్రింటుకు షాపు వాట్సాప్‌కు పంపితే ఫైలు ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ఉండిపోతుంది. వాట్సాప్‌లో ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొట్టినంత మాత్రాన అక్కడ దిగిన కాపీ పోదు. ప్రింటు చేతికి రాగానే ఫోల్డర్లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి మీ ఎదురుగానే తీసేయమనండి. మొహమాటపడకండి.

తర్వాత పెన్ను తీయండి. కాపీ అంచున ఖాళీలో రాస్తే కత్తిరించేయొచ్చు. వివరాల మీదుగా ఏటవాలుగా, పేరూ ఫొటో చదవడానికి వీలుండేలా రాయాలి: ‘ఫలానా వీధిలోని ఇంటి అద్దె కోసం మాత్రమే, ఓనరు పేరు, తేదీ’. కింద సంతకం. తేదీ, పని రాయకుండా ఉట్టి సంతకం పెట్టిన జెరాక్స్ అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని ఏ దరఖాస్తుకైనా జోడించుకోవచ్చు. పాన్ కాపీకీ ఇదే పద్ధతి.

కాపీలోని నంబరును ఫోనులో సొంతంగా దాచాలనుకుంటే జాగ్రత్త. ఫొటో మీద హైలైటర్‌తో నల్లగా గీస్తే, బ్రైట్‌నెస్ పెంచినప్పుడు అంకెలు బయటపడతాయి. పీడీఎఫ్ మీద నల్ల పెట్టె పెడితే, కింది అక్షరాలను కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేసుకోవచ్చు.

అద్దె అగ్రిమెంటును మర్చిపోవద్దు. జెరాక్స్‌లో దాచిన నంబరును అగ్రిమెంటు మొదటి పేరాలో పూర్తిగా టైపు చేసేస్తుంటారు. ‘చివరి 4 అంకెలు చాలు’ అని టైపిస్టుకు ముందే చెప్పండి.

పీఎఫ్ ఖాతాకో, సబ్సిడీ పడే బ్యాంకు ఖాతాకో ఆధార్ జోడించేటప్పుడు పూర్తి నంబరే కావాలి. ఓటీపీ ధ్రువీకరణ జరిగే కొన్ని చోట్ల మాత్రం నంబరు బదులు 16 అంకెల వర్చువల్ ఐడీ ఇవ్వొచ్చు. అది మైఆధార్‌లోనే తయారవుతుంది, కొత్తది తీసుకుంటే పాతది చెల్లదు. ధ్రువీకరణ అవసరం లేని చోట కస్టమర్ తన ఆధార్ నంబరును కనపడకుండా కొట్టేసేలా చూడాలని ఆర్బీఐ కేవైసీ నిబంధనలే బ్యాంకులకు చెబుతున్నాయి. కౌంటర్లో కుదరదంటే ఆ మాటే గుర్తుచేయండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఏఈపీఎస్‌లో, అంటే ఆధార్‌తో నడిచే చెల్లింపుల పద్ధతిలో, డబ్బు తీయడానికి బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు. ఆస్తి రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోంచి వేలిముద్రలు తీసి నకిలీ ముద్రలతో ఖాతాలు ఖాళీ చేశారన్న ఫిర్యాదులు 2023లో బెంగళూరులోనే వచ్చాయి. కాబట్టి ఇప్పటికే పూర్తి నంబరున్న కాపీలు పంచి ఉంటే, మైఆధార్‌లోనే బయోమెట్రిక్స్ లాక్ చేసేయండి. వేలిముద్ర వేయాల్సిన పని పడినప్పుడు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు. తెరవకుండా వెళితే 330 అనే ఎర్రర్ వస్తుంది. మెషీన్ పాడైందనుకుని వేలు మళ్ళీ మళ్ళీ పెట్టకండి. అదే పోర్టల్‌లోని ‘అథెంటికేషన్ హిస్టరీ’లో గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో కనిపిస్తుంది. మీరు చేయని లావాదేవీ ఉంటే యూఐడీఏఐ హెల్ప్‌లైన్ 1947కు చెప్పండి. డబ్బు పోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, ఆ వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయండి.