వాన వచ్చినా సరే, ఆ ట్రేలు ఇంట్లోకి తేవద్దు

పోయిన ఏప్రిల్‌లో మా వీధిలో జరిగింది. సాయంత్రం అయిదింటికి ఈదురుగాలి లేచింది, వెనకే చినుకులు. ఒక ఇంటి డాబా మీద, వాళ్లు సొంతంగా కట్టుకున్న సోలార్ డ్రయ్యర్‌లో రెండు రోజులుగా కరోలినా రీపర్ అనే మహా ఘాటైన రకం మిరపకాయలు ఎండుతున్నాయి. తడిసిపోతాయన్న కంగారులో ఆ ఇంటి కోడలు నాలుగు ట్రేలూ కిందికి తెచ్చి, హాల్లో పేపర్లు పరిచి వాటి మీద కుమ్మరించింది. ఆరతాయని పైన ఫ్యాన్ వేసింది. జల్లు కొడుతోందని కిటికీలు మూసింది.

అరగంటకి తొమ్మిదేళ్ల పిల్లాడికి దగ్గు మొదలైంది. వాడికి ముందునుంచే ఆయాసం ఉంది. ఇంకో పది నిమిషాలకి నాయనమ్మకి ఊపిరాడలేదు. దేనివల్లో ఎవరికీ తట్టలేదు. ఆ హాల్లోనే, ఆ ఫ్యాన్ కిందే కూర్చోబెట్టి వీపు నిమురుతూ నీళ్లు తాగించారు. పిల్లాడు రెండు రోజులు ఆసుపత్రిలో నెబులైజర్ మీద ఉన్నాడు. ఇప్పుడు కోలుకున్నాడు.

మొన్న మిద్దె తోట స్నేహితుడొకాయన ఫోన్ చేసి డ్రయ్యర్ కొలతలు అడిగారు. అన్నీ రాసుకుని, చివర్లో "వానొస్తే ట్రేలు హాల్లో ఫ్యాన్ కింద పెట్టేస్తే సరిపోతుంది కదండీ" అన్నారు. ఆయన జాగ్రత్త గల మనిషే. ఆయనకే ఆ ఆలోచన వచ్చిందంటే ఇంకా ఎంతమందికి వస్తుందో అనిపించి ఇది రాస్తున్నాను.

గ్లౌజులు వేసుకోవాలని, ఆ చేత్తో కళ్లు నలుపుకోకూడదని అందరికీ తెలుసు. నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒక్కటే. ఎండుతున్న కాయని, ఎండిన కాయని ఇంట్లోకి తేవద్దు.

మిరప మనకి కొత్త కాదు, అసలు ముప్పు అక్కడే ఉంది. ఖమ్మం, గుంటూరు, వరంగల్ వైపు పుట్టినవాళ్లం మిర్చి బస్తాల పక్కనే మంచం వేసుకుని పడుకున్నాం. ఆ అలవాటుతో దీన్ని కూడా అలాగే చూస్తున్నాం. గుంటూరు సన్నం మిర్చి ఘాటు, ఘాటుని లెక్కగట్టే స్కోవిల్ కొలతలో 35 వేల నుంచి 40 వేల దాకా ఉంటుంది. ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా 10 లక్షలు దాటిందని 2007లో గిన్నిస్ వాళ్లు నమోదు చేశారు. రీపర్ సగటు 16,41,183. 2023లో రికార్డు అందుకున్న పెప్పర్ ఎక్స్ 26,93,000. అంటే మీ హాల్లో కిలో రీపర్ ఆరబోస్తే నలభై కిలోల సన్నం కాయల ఘాటుని ఆ గదిలో పెట్టినట్టు. భూత్ జొలోకియా పొడితో గుంపుల్ని చెదరగొట్టే గ్రెనేడ్లు తయారుచేసింది మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ. అలాంటి కాయని ఫ్యాన్ కింద పరుస్తున్నాం.

సగం ఎండిన కాయే కదా, పొడి ఎక్కడుంటుంది అని అడుగుతారు. ట్రేలో కాయలన్నీ ఒకేసారి ఎండవు. అంచుల్లోవి గలగలలాడుతుంటాయి, మధ్యవి మెత్తగా ఉంటాయి. ఘాటు గింజలో కన్నా గింజల్ని పట్టి ఉంచే తెల్లటి పొరలో ఎక్కువ. కోసి ఎండబెట్టిన కాయలో ఆ పొర బయటపడి, ఎండి, పెళుసై పొట్టులా రాలుతుంది. ట్రే అడుగున చేరేది అదే. దాన్ని కుమ్మరించి ఫ్యాన్ వేస్తే ఇంట్లో ఉన్నవాళ్లందరి ముక్కులోకీ పోతుంది. కంటికి కనపడదు కాబట్టి ఎవరూ ఆ గదిలోంచి కదలరు.

మొక్క దగ్గర

ఇక్కడ తక్కువే చెబుతాను. ఈ రకాల గింజ మొలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, నాటాక కాయ పండడానికి మామూలు మిరప కన్నా ఆలస్యం. జూన్‌లో నారు పోస్తే చలికాలం చివరికి పండుకాయ చేతికొస్తుంది. ఆలస్యం చేస్తే మార్చి ఎండల్లో పూత రాలిపోతుంది. అప్పుడు సగం ఎండ ఆపే గ్రీన్ నెట్ కట్టాలి.

కుండీ బట్టల తీగ కింద పెట్టొద్దు. పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టొద్దు. ఎర్రగా, ముడతలు పడి బుల్లి బెలూన్‌లా కనపడే కాయ వాళ్లకి బొమ్మే. కూరలోకి వాడే మిరప పక్కన ఇది పెంచితే ఈ ఏడాది కూర కాయకి ఏమీ కాదు గానీ, దాని గింజ దాచి మళ్లీ వేస్తే పుట్టే మొక్క ఏ ఘాటుతో వస్తుందో చెప్పలేం. పక్కింటివాళ్లకి నారు పంచేముందు ఇది గుర్తు పెట్టుకోండి.

2021లో మన మిర్చి చేలని ఊడ్చేసిన నల్ల తామర పురుగు మిద్దె మీదికీ వస్తుంది. నీలం రంగు జిగురు అట్టలు కట్టండి. మందు కొడితే డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగాకే కాయ కోయండి. కాయ ఎండినంత మాత్రాన మందు పోదు.

డ్రయ్యర్ కట్టేటప్పుడు

చాలామంది డ్రయ్యర్‌ని ఎండ కోసమే కడతారు. వాన కోసం కట్టాలి. వానలో కూడా ట్రేలు లోపలే ఉండగలిగితే వాటిని ఇంట్లోకి తెచ్చే అవసరమే రాదు. మా వీధిలో ఆ డ్రయ్యర్‌కి పైకప్పు సరిగ్గా ఉండుంటే ఆ సాయంత్రం ఏమీ జరిగేది కాదు.

నేను వాడేది రెండు పెట్టెల పద్ధతి. ఒకటి గాలిని వేడి చేసేది: రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, లోపల నల్ల రంగు వేసిన రేకు, పైన గాజు. దాని కింది అంచున గాలి లోపలికి వచ్చే సందు. వేడెక్కిన గాలి రెండో పెట్టెలోకి పోతుంది, ట్రేలు అందులో ఉంటాయి, తేమ పట్టిన గాలి పై సందులోంచి బయటికి పోతుంది. ట్రేల మీద నేరుగా ఎండ పడదు కాబట్టి రంగు నిలుస్తుంది. గాజు పెట్టె దక్షిణానికి చూడాలి, వాలు 15 నుంచి 20 డిగ్రీలు ఉంటే మన రెండు రాష్ట్రాలకీ సరిపోతుంది.

ట్రేల పెట్టెకి పైకప్పు రేకు వాలుగా, అన్ని వైపులా అరడుగు బయటికి ఉండాలి. తలుపు చుట్టూ రబ్బరు బీడింగ్ వేయండి. కింది సందుకీ పై సందుకీ జారే మూతలు పెట్టండి. వాన వస్తే ఆ రెండు మూతలూ వేసేస్తే చాలు. పొద్దు గూకగానే కూడా మూతలు వేయాలి, లేకపోతే పగలంతా పోయిన తేమ తెల్లారేసరికి మళ్లీ కాయలోకి చేరుతుంది. కాళ్లు రెండడుగుల ఎత్తు ఉంచి, నాలుగింటినీ పిట్టగోడకో ఇసుక బస్తాలకో కట్టేయండి. ఏప్రిల్ గాలికి ఖాళీ డ్రయ్యర్ ఎగిరి పక్కింట్లో పడుతుంది.

నల్ల రేకు వెనక థర్మోకోల్ పెట్టొద్దు, గాలి ఆడని మధ్యాహ్నం అది కరిగిపోతుంది. ట్రేలకి జి.ఐ. మెష్ (జింకు పూత పూసిన ఇనుప జాలీ) వద్దు, స్టీలు జాలీ వాడండి. కొత్తగా రంగు వేశాక నాలుగైదు రోజులు ఖాళీగా ఎండలో ఉంచి, వాసన పోయాకే కాయ పెట్టండి. లోపల థర్మామీటర్ వేలాడదీయండి. 50 నుంచి 60 డిగ్రీలు మంచిది. 65 దాటితే కాయ నల్లబడుతుంది, పై సందు ఇంకొంచెం తెరవండి.

తలుపు ఎటు పెట్టాలో ఎవరూ ఆలోచించరు. తెరవగానే లోపలి వేడిగాలి మీ ముఖం మీదికి వస్తుంది. అందుకే తలుపు పక్కన నిలబడి, చేయి మాత్రం చాచి తెరిచి, రెండు నిమిషాలు ఆగి అప్పుడు ముందుకి రండి. పై సందు పక్కింటి కిటికీ వైపు ఉండకూడదు, మీ కూలర్ వైపు అసలే ఉండకూడదు.

ఇంట్లోకి తేకూడదనడానికి రెండో కారణం బూజు. అప్పుడే కోసిన కాయ బరువులో ఎక్కువ భాగం నీరే. నిలవ ఉండాలంటే అది పది శాతానికి రావాలి. వాన రోజు ఫ్యాన్ గాలిలో ఉండేదే తేమ, అది కాయని ఆరబెట్టలేదు. ఈ రకాల కాయ లోపల డొల్లగా ఉంటుంది. పైకి ఎండినట్టే కనపడి లోపల బూజు పడుతుంది. దాంట్లో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని పాడుచేస్తుంది, పోపులో వేగినా పోదు. ఎగుమతి మిర్చికి ఐరోపా దేశాలు పెట్టిన హద్దు కిలోకి 10 మైక్రోగ్రాములు. కాబట్టి కాయని నిలువునా రెండుగా చీల్చి ఎండబెట్టండి. మంచి ఎండలో రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. చీల్చే పని కూడా డాబా మీదే, గాలికి వీపు పెట్టి కూర్చుని చేయాలి. వంటింట్లో వద్దు.

ఎండిందో లేదో చేత్తో విరిచి చూడండి. పుటుక్కున విరగాలి. వంగితే మళ్లీ పెట్టెలోకి.

మెట్ల గదిలో పెడితే ఇంట్లో పెట్టినట్టు కాదు కదా అంటారు. మెట్ల గది తలుపు ఇంట్లోకే తెరుచుకుంటుంది. గాలి కిందికి దిగుతుంది. అక్కడా వద్దు.

తొడిమలు తీసేది బయటే.

పొడి చేసేది బయటే. మిక్సీని తీగతో డాబా మీదికి పట్టుకెళ్లండి. తిప్పాక పదిహేను నిమిషాలు మూత తీయకండి. ఎన్95 మాస్క్, కళ్లకి చుట్టూ మూసుకునే అద్దాలు. ఆ జార్‌లో మళ్లీ పచ్చడి రుబ్బొద్దు, దాని మీద పెయింట్‌తో గుర్తు పెట్టండి.

పిండి మరకి తీసుకెళ్లొద్దు. మీ తర్వాత అందులో ఏ పసిబిడ్డ ఉగ్గుపిండి పడుతుందో మీకు తెలియదు.

ఈ కాయలతో దిష్టి తీయొద్దు. మామూలు ఎండుమిర్చి నిప్పుల్లో వేస్తేనే ఇల్లంతా దగ్గుతుంది. పనికిరాని కాయలు, తొడిమలు, ట్రే అడుగు పొట్టు కాల్చొద్దు. గుంట తీసి పూడ్చండి.

కాయని పోపులో వేయొద్దు.

రాలిన పొట్టుని చీపురుతో ఊడవొద్దు. తడిగుడ్డ, సబ్బు నీళ్లు. ఆ గుడ్డ పారేయండి.

ట్రేలు డాబా మీదే కడగండి, చన్నీళ్లతో. వేడినీళ్లు పోస్తే ఘాటు ఆవిరితో పైకి లేస్తుంది.

హోటల్లో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ గ్లౌజులు జారిపోతాయి. నైట్రైల్ రబ్బరువి కొనండి. పని అయ్యాక చొక్కా మార్చుకోకుండా పిల్లల్ని ఎత్తుకోవద్దు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుని ఆ పనికి కూర్చోవద్దు.

చేతులు మండితే ఉత్తి నీళ్లు పని చేయవు. ఈ ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. కొబ్బరి నూనె రాసి, గుడ్డతో తుడిచి, తర్వాత అంట్లు తోమే సబ్బుతో కడగండి. నోరు మండితే పాలో పెరుగో. కంట్లో పడితే మాత్రం నూనె వద్దు, పాలు వద్దు. పదిహేను నిమిషాలు ఆగకుండా మంచినీళ్లు పోస్తూ కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇంట్లో ఇద్దరు ఒకేసారి దగ్గితే కారణం వెతకొద్దు. ముందు అందరూ బయటికి రండి. ఫ్యాన్ ఆపండి, తలుపులు తెరవండి. ఆయాసం ఉన్నవాళ్లకి ఇన్‌హేలర్ ఇవ్వండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

నిలవ ఉంచే సీసా గాజుది కావాలి, మూత గట్టిగా ఉండాలి, మీద పెద్ద అక్షరాలతో పేరు రాయాలి. కారం డబ్బాల పక్కన పెట్టొద్దు. పొడి చేసి దాచొద్దు, కాయగానే దాచి కావలసినప్పుడు చిటికెడు చేసుకోండి.

పిల్లలు పందెం వేసుకుని తినే వీడియోలు చూస్తున్నారు. రీపర్ తిన్న 34 ఏళ్ల ఆయన భరించలేని తలనొప్పితో ఆసుపత్రిలో చేరితే, మెదడులో రక్తనాళాలు కుంచించుకుపోయాయని తేలింది. 2018లో వైద్య పత్రికలో వచ్చింది. సీసాకి తాళం వేయండి.

వాన పడుతుంటే మూతలు వేసి వదిలేయండి. కాయలు తడిస్తే తడవనివ్వండి. బూజు పడితే పారేయండి. ఇంట్లోకి తేవద్దు.

రెండు మూడు రోజుల్లో వాన ఉందని వాతావరణ శాఖ చెబితే ఈ వారం కోయకండి. పండుకాయ ఇంకో వారం చెట్టు మీద ఉంటుంది.