చందుర్తి యుద్ధాన్ని పిల్లలకి గచ్చు మీద ఆడించి చెప్పడం ఎలా

బొబ్బిలి యుద్ధం అనగానే అందరికీ తాండ్ర పాపారాయుడు గుర్తొస్తాడు గానీ, అది జరిగి రెండేళ్ళు తిరక్కుండానే పిఠాపురం పక్కన చందుర్తిలో జరిగిందేంటో అడగండి, మొహమొహాలు చూసుకుంటారు. ఇంగ్లీషోళ్ళు, ఫ్రెంచోళ్ళు మన కోస్తా కోసం తన్నుకున్న అసలు యుద్ధం అదే. పుస్తకంలో చదివితే పిల్లలకి నిద్రొస్తుంది, నాకే వచ్చింది. గింజలతో గచ్చు మీద పేర్చి ఆడిస్తే మాత్రం గంటన్నర కదలరు.

కావాల్సినవి అన్నీ వంటింట్లోవే. ఒక్కో గింజ అంటే వందమంది లెక్క. ఫ్రెంచ్ తెల్ల సోల్జర్లకి 5 తెల్ల బఠాణీలు, వాళ్ళ సిపాయిలకి 60 చింతపిక్కలు. ఇంగ్లీషు తెల్లోళ్ళకి 5 రాజ్మా గింజలు, వాళ్ళ సిపాయిలకి 20, ఇవి కూడా రాజ్మానే, ఎందుకో తర్వాత చెప్తా, రంగు మాత్రం మార్చకండి. విజయనగరం రాజుగారి మనుషులకి ఓ యాభై మినుములు. ఫిరంగులకి అగ్గిపుల్లలు, తల గీసేసి ఇవ్వండి, ఫ్రెంచ్ వైపు ముప్పై, ఇంగ్లీషు వైపు ఆరు చాలు. ఎర్రగా ఉన్నాయి కదా అని గురివింద గింజలు మాత్రం వాడొద్దు, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. ఇంకా ఒక సుద్దముక్క, ఒక దువ్వెన. దువ్వెన దేనికంటే అదే జొన్నచేను.

ముందు కథ ఐదు నిమిషాల్లో ముగించాలి, సాగదీస్తే లేచిపోతారు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లని, అంటే మన కోస్తా ప్రాంతాన్ని, ఫ్రెంచ్ సేనాని బుస్సీకి రాసిచ్చాడు, సైన్యం జీతాలకి ఆ శిస్తు వాడుకోమని. 1757 జనవరిలో బొబ్బిలి, అక్కడ విజయనగరం రాజు విజయరామరాజు పోయాడు, తర్వాత వచ్చిన ఆనంద గజపతికి ఫ్రెంచ్ వాళ్ళతో పడలేదు. ఆయన విశాఖపట్నంలో ఫ్రెంచ్ వాళ్ళని తరిమేసి ఇంగ్లీషోళ్ళకి కబురు పెట్టాడు. మద్రాసు వాళ్ళు మావల్ల కాదన్నారు, కలకత్తాలో క్లైవ్ ఒప్పుకున్నాడు. ఈలోగా ఫ్రెంచ్ వాళ్ళకి కొత్త పెద్దగా లాలీ వచ్చి బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు, ఇక్కడ కాన్‌ఫ్లాన్ అనే ఆయన్ని పెట్టారు. ఈ దేశం, ఈ జనం, ఎవరితో ఎలా మాట్లాడాలో అన్నీ తెలిసిన బుస్సీని తీసేసి కొత్తాయన్ని పెట్టడం, నా దృష్టిలో యుద్ధం సగం ఓడిపోయింది అక్కడే. పిల్లలకి ఇది చెప్పాలంటే క్లాసు మధ్యలో టీచర్ మారితే ఏమవుతుందో అడగండి, వాళ్ళే చెప్తారు.

ఇప్పుడు సుద్దముక్కతో ఒక గీత, సముద్రం. పైన విశాఖపట్నం, కింద రాజమండ్రి, మధ్యలో గొల్లప్రోలు, దానికి కాస్త పైన చేబ్రోలు, దగ్గర్లోనే చందుర్తి. 1758 అక్టోబర్‌లో క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్ సైన్యంతో విశాఖలో దిగాడు. నెలకి 50,000 రూపాయలు సైన్యం ఖర్చులకి ఇస్తానని రాజుగారు ఒప్పుకున్నాడు, ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత గొడవంతా దీని మీదే. డిసెంబర్‌కి ఫ్రెంచ్ వాళ్ళు గొల్లప్రోలు దగ్గర, వీళ్ళు చేబ్రోలు దగ్గర. తమాషా ఏంటంటే ఇద్దరూ ఒకే రాత్రి కదలాలని ప్లాన్ వేసుకున్నారు. ఫోర్డ్ తెల్లవారకముందే లేచి చందుర్తి వైపు వెళ్ళిపోయాడు, రాజుగారి మనుషులు మాత్రం ఇంకా సర్దుకుంటూనే ఉన్నారు, అంతలో ఫ్రెంచ్ ఫిరంగులు వాళ్ళ మీదే పేలాయి. మినుములన్నీ చెల్లాచెదురు చేసేయమనండి, పిల్లలకి బాగా నచ్చే పార్ట్ ఇదే.

తర్వాతే అసలు ఆట. రెండు వైపులా తెల్లోళ్ళని మధ్యలో పెట్టండి, సిపాయిలని రెండు పక్కలకి. అంటే బఠాణీలు మధ్యలో, అటు 30 ఇటు 30 చింతపిక్కలు. ఎదురుగా 5 రాజ్మా మధ్యలో, అటు పది ఇటు పది రాజ్మా. మధ్యలో ఉన్న ఆ 5 రాజ్మా ముందు దువ్వెన నిలబెట్టండి. ఏపుగా పెరిగిన చేను అడ్డం ఉండటంతో ఇంగ్లీషు తెల్లోళ్ళు ఫ్రెంచ్ వాళ్ళకి కనపడలేదు. కనపడింది పక్కనున్న బెంగాల్ సిపాయిలు, వాళ్ళ కోట్లు ఎర్రవి. ఇక్కడి సిపాయిలు ఎర్ర కోట్లు వేసుకోవడం ఫ్రెంచ్ వాళ్ళు అంతవరకు చూడలేదు, పైగా సిపాయిలు మామూలుగా పట్టుకునే చిన్న జెండాలని కూడా కింద పెట్టేయమని ఫోర్డ్ ఆర్డర్ వేశాడు. దాంతో ఎర్ర కోటు కనపడగానే వీళ్ళే ఇంగ్లీషోళ్ళు అనుకుని బఠాణీలు మొత్తం మధ్యలోంచి పక్కకి తిరిగి వాళ్ళ మీద పడ్డాయి.

నేను మొదటిసారి మా అక్క పిల్లలతో ఆడించినప్పుడు సిపాయిలకి పెసలు పెట్టాను, తేడా తెలియాలి కదా అని. మా మేనల్లుడు "మామయ్యా, ఆకుపచ్చవి చూసి ఎర్రవి అని ఎలా అనుకుంటారు, వాళ్ళకి కళ్ళు లేవా" అన్నాడు, ఆట అక్కడే చచ్చిపోయింది. అందుకే అన్నీ రాజ్మా. ఫ్రెంచ్ వైపు ఆడే పిల్లకి చేను ముందే చూపించకండి, నేలకి తల ఆనించి బఠాణీ ఎత్తు నుంచి చూడమనండి. దువ్వెన వెనక ఏముందో కనపడదు. అప్పుడు తనే పక్కకి తిప్పుతుంది.

సిపాయిలు ఆ దెబ్బకి తట్టుకోలేక వెనక్కి తగ్గారు, ఫ్రెంచ్ వాళ్ళు గెలిచేశాం అని వరస తప్పి వెంటపడ్డారు. సరిగ్గా అప్పుడు దువ్వెన తీసేయండి. చేనులోంచి 5 రాజ్మా బయటికొచ్చి పక్కనుంచి తుపాకులు పేల్చాయి. బఠాణీలు వెనక్కి తమ ఫిరంగుల దగ్గరికి పరుగు, అక్కడా నిలవలేక క్యాంపుకి, క్యాంపు నుంచి రాజమండ్రికి. కాన్‌ఫ్లాన్ గుర్రమెక్కి అందరికంటే ముందు ఉడాయించాడు. అగ్గిపుల్లలన్నీ ఇంగ్లీషు వైపుకి ఇచ్చేయండి.

వెంటనే తరిమితే ఫ్రెంచ్ వాళ్ళ కోట ఉన్న బందరు అప్పుడే దొరికేదేమో, కానీ డబ్బు దగ్గర ఆగింది. రాజమండ్రి కోట చేతికొచ్చాక ఫోర్డ్ నా 50,000 ఏవి అన్నాడు, రాజుగారు లేవన్నాడు, ఆ పంచాయితీతో 1759 జనవరి చివరిదాకా కదల్లేదు. పిల్లలకి ఇది బోర్, రెండు ముక్కల్లో చెప్పేయండి.

బందరు ఆట వేరే రోజు పెట్టుకోండి. ఒక ప్లేటు బోర్లించి కోట అనండి, చుట్టూ తడిగుడ్డ, అది చిత్తడి నేల. ఈసారి ఫోర్డ్ పరిస్థితే అధ్వానం. జీతాలు లేక సోల్జర్లు ఎదురు తిరిగారు, మందుగుండు రెండు రోజులకి మించి లేదు, అవతల సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చేశాడు. ఏప్రిల్ 7 రాత్రి మినుముల్ని ప్లేటుకి ఒక వైపు గోల చేయమనండి, ఇంకోవైపు చిత్తడిలోంచి కొన్ని రాజ్మాలు ఉత్తుత్తి దాడి చేస్తాయి, అసలు గుంపు మూడోవైపు నుంచి గోడెక్కుతుంది. తెల్లారేసరికి కోట లొంగిపోయింది, లొంగినవాళ్ళు ఎక్కినవాళ్ళ కంటే ఎక్కువ. సలాబత్ జంగ్ మే నెలలో బందరు, నిజాంపట్నం ఇంగ్లీషు వాళ్ళకే రాసిచ్చేశాడు.

రెండు కాగితం పడవలు ముందే చేసి దాచండి. ఆట అయిపోయింది అని పిల్లలు గింజలు ఏరుకుంటున్నప్పుడు వాటిని తెచ్చి సముద్రం గీత మీద పెట్టండి. అవి పాండిచ్చేరి నుంచి కాన్‌ఫ్లాన్‌కి సాయంగా వచ్చిన ఓడలు, కోట పడిపోయిన కొద్ది రోజులకి చేరాయి.