థొరాంగ్ లా ఎక్కేముందు బంగాళాఖాతం సంగతి కనుక్కోండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. ఇక్కడ తెరిపి ఇచ్చాక, 14న, అదే తుఫాను నేపాల్‌లో, థొరాంగ్ లా కనుమ ఉన్న అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో మంచై కురిసింది. కనీసం 43 మంది పోయారు. 2025 అక్టోబరు చివర్లో మోంథా మన తీరం దాటాక కూడా నేపాల్ కొండల్లో మంచు పడింది.

వానలు వెనకపట్టాక అక్కడి ఊళ్లవాళ్లు కొట్టుకుపోయిన మెట్లు, చెక్క వంతెనలు బాగుచేసుకుని కొండ నడక దారులు తెరుస్తారు. మనవాళ్లు దసరా సెలవులు కలుపుకుని బయల్దేరేది అప్పుడే. మన సముద్రంలో తుఫాన్లు పుట్టేదీ అప్పుడే. దారి తెరిచారంటే నడవడానికి బాట ఉందని అర్థం, అంతే.

బూట్లు, టోపీల గురించి అందరూ చెబుతారు. కొంప ముంచేది మాత్రం తిరుగు టికెట్టు. తేదీ దాటిపోతుందని మబ్బులోనే ఎక్కేస్తారు. టికెట్టుకు ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. చూడ్డానికి కాదు, కనుమ కింది మజిలీ ఫేదీలో ఊరికే కూర్చోడానికి.

ఎందుకంటే లెక్క ఇది. ఫేదీ 4,450 మీటర్ల దగ్గర, కనుమ 5,416. అవతల ముక్తినాథ్‌కు దాదాపు 1,600 మీటర్ల దిగుడు, మధ్యలో తలదాచుకునే చోట్లు బహు తక్కువ. మంచు ముసిరితే దారి చూపే ఇనుప గుంజల్లో పక్కది కూడా కనపడదు. 2014లో కనుమ మీది టీ దుకాణంలో ఇరుక్కుని, ఆనక గుంపుగా కిందికి దిగినవాళ్లు దారి తప్పారు. గుంపు వెళ్తోందని వెళ్లకండి.

ఒంటికి ఎత్తు అలవాటవ్వాలి, దారిలోని మనాంగ్ ఊళ్లో (3,540 మీ.) రెండు రాత్రులు ఆగండి. 3,000 మీటర్లు దాటాక ఇవాళ పడుకున్న చోటికీ రేపు పడుకునే చోటికీ తేడా 500 మీటర్లు మించకూడదు. తలనొప్పితో పాటు వాంతి, తూలు ఉంటే ఆ రాత్రే కిందికి. మాత్ర వేసుకుని పైకి కాదు. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర డాక్టరును అడక్కుండా వద్దు, సల్ఫా మందులు పడనివాళ్లు మరీ.

తిలిచో సరస్సు వైపు రాళ్లు దొర్లే చోటు పొద్దున్నే దాటండి, ఎండెక్కి గాలి లేస్తే రాళ్లు కదులుతాయి. ఒక్కొక్కరుగా. ఫోటోలు అవతలికి చేరాక.

కంచర గాడిదలు వస్తే కొండ వైపు నిలబడండి. లోయ వైపు నిలబడితే మూట తగిలి పడతారు.

కొత్త వంతెన కదా అని నలుగురూ ఒకేసారి ఎక్కొద్దు.

జీన్సు వద్దు. తడిస్తే ఆరదు.

ఫోను లోపలి జేబులో, ఒంటికి ఆనించి. చలికి బ్యాటరీ చస్తుంది.

ఫేదీ నుంచి తెల్లవారుజామున 4కే బయల్దేరండి, 10 దాటితే కనుమ మీద గాలి నిలబడనివ్వదు.

హెలికాప్టర్ ఉందిలే అనొద్దు. మబ్బులో అది లేవదు.

రాత్రి మంచు పడిందా? కదలొద్దు. బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారా? కదలొద్దు. టికెట్టు పోతే పోనీ.